రెండేసి పాస్‌పోర్టులతో మెల్‌బోర్న్ నుంచి నెల్లూరికి: ఏ కౌంటర్ దగ్గర ఏది చూపించాలి?

దర్గామిట్ట:

అందరికీ నమస్కారం. మా అక్కావాళ్లు సంక్రాంతికి మెల్‌బోర్న్ నుంచి వస్తా ఉండారు. మెల్‌బోర్న్, సింగపూర్, చెన్నై; అక్కడి నుంచి కారులో నెల్లూరు. నాలుగు వారాలుండి, తిరుగు ప్రయాణంలో చెన్నై నుంచి సింగపూర్ మీదుగా ఆక్లాండ్ పోయి, బావ తమ్ముడింట్లో ఒక వారముండి మెల్‌బోర్న్ చేరాలని లెక్క. మనుషులు నలుగురు, పాస్‌పోర్టులు ఎనిమిది తేలినాయి. అదీ నా బాధ.

విషయం ఇది. అక్కా బావా ఇద్దరూ 2019లో న్యూజిలాండ్ పౌరులయ్యారు. 2020 మొదట్లో మెల్‌బోర్న్ మారారు. నిరుడు ఆస్ట్రేలియా సిటిజన్‌షిప్ కూడా వచ్చింది. పెద్దోడు 2016లో ఆక్లాండ్‌లో పుట్టినాడు, వాడికీ రెండూ ఉండాయి. చిన్నది 2022 సెప్టెంబరులో మెల్‌బోర్న్‌లో పుట్టింది, దానికి ఆస్ట్రేలియా పాస్‌పోర్టు ఒక్కటే.

బావకీ పెద్దోడికీ ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డులుండాయి, రెండూ న్యూజిలాండ్ పాస్‌పోర్టుల మీద తీసుకున్నవి. పెద్దోడి పాస్‌పోర్టు ఆ తర్వాత ఒకసారి మారింది, అంటే ఓసీఐలో పాత నంబరే ఉంది. అక్కకీ చిన్నదానికీ ఓసీఐ లేదు. అక్క దగ్గర మాత్రం పాత ఇండియన్ పాస్‌పోర్టు అట్లాగే ఉంది. 2018లో రెన్యువల్ చేయించింది, 2028 దాకా గడువుంది. పౌరసత్వం మారినాక ఇండియాకి రానే లేదు, దాన్ని ఎక్కడా వాడలేదు.

ఒంగోల్లో అక్కవాళ్ల అత్తగారేమో "గడువున్న పాస్‌పోర్టు పెట్టుకుని వీసాకి డబ్బులెందుకు దండగ, దాంతోనే వచ్చేయమను" అంటుంది. ట్రావెల్స్ ఆయనేమో టికెట్లు నలుగురికీ ఆస్ట్రేలియా పాస్‌పోర్టుల మీద వేసేశాడు. ఏది ఎక్కడ చూపించాలో వరసగా చెప్పగలరా? ఇంకా రెండు నెలల టైముంది.

కావలి కుర్రోడు:

అన్నా, ఓసీఐ అంటేనే డ్యూయల్ సిటిజన్‌షిప్ కదా. ఇండియా ఇప్పుడు రెండూ ఒప్పుకుంటుంది. అక్కని ఇండియన్ పాస్‌పోర్టుతో దిగిపొమ్మను, అడిగేవాళ్లెవరూ ఉండరు.

పెన్నా గట్టు:

కుర్రోడు తమ్ముడూ, ఇట్లాంటి సలహా వల్లే జనం ఎయిర్‌పోర్టులో ఇరుక్కునేది. ఓసీఐ పేరులో పౌరసత్వం అనే మాట ఉంది కానీ అది పౌరసత్వం కాదు. జీవితాంతం చెల్లే వీసా, దానికి తోడు ఎన్నారైలకుండే కొన్ని సౌకర్యాలు, అంతవరకే. ఓటు లేదు, సర్కారు ఉద్యోగం లేదు, ఇండియన్ పాస్‌పోర్టు అసలే లేదు.

ఇప్పుడు దర్గామిట్ట గారికి. ముందు అక్క ఇండియన్ పాస్‌పోర్టు సంగతి తేలిస్తే మిగతాదంతా సులువు.

1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, మనిషి తనంతట తాను ఇంకో దేశం పౌరసత్వం తీసుకున్న రోజే భారత పౌరసత్వం పోతుంది. దానికి ఎవరూ నోటీసు ఇవ్వరు, ఏ ఆఫీసూ రద్దు చేయక్కర్లేదు. అక్కకి అది 2019లో న్యూజిలాండ్ ప్రమాణం చేసిన రోజు పోయింది. ఆ పుస్తకం మీద 2028 అని అచ్చయి ఉన్నా ఆ తేదీకి విలువ లేదు. దాంతో ప్రయాణం చేయడం పాస్‌పోర్టుల చట్టం కింద నేరం. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా రెండూ పక్కపక్కన పెట్టుకోవడానికి ఆ రెండు దేశాలకీ అభ్యంతరం లేదు. వాటి పక్కన ఇండియాది మూడోది పెట్టుకోవడానికే లేదు. అత్తగారికి ఇంత చట్టం చెప్పక్కర్లేదు, "అది చెల్లని నోటు అత్తయ్యా" అంటే సరిపోతుంది.

చేయాల్సింది సరెండర్, అంటే ఆ పాత పాస్‌పోర్టుని ఇండియా సర్కారుకి అప్పగించడం. మెల్‌బోర్న్‌లో ఉన్నారు కాబట్టి అక్కడి భారత కాన్సులేట్ తరఫున వీఎఫ్ఎస్ వాళ్లు దరఖాస్తు తీసుకుంటారు. ఒరిజినల్ ఇండియన్ పాస్‌పోర్టు, ఇప్పుడున్న విదేశీ పాస్‌పోర్టు, పౌరసత్వ సర్టిఫికెట్ పెట్టాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఈ సర్టిఫికెట్ దగ్గరే. చేతికి దగ్గరగా ఉంది కదా అని నిరుటి ఆస్ట్రేలియా సర్టిఫికెట్ పెట్టేస్తారు. పోయిన పౌరసత్వానికి లెక్క మొదటి విదేశీ పౌరసత్వం నుంచి. కాబట్టి 2019 నాటి న్యూజిలాండ్ సర్టిఫికెట్ పెట్టాలి, ఫారంలో తేదీ కూడా అదే రాయాలి. ఆస్ట్రేలియా తేదీ రాస్తే కొన్నేళ్లు తేడా వస్తుంది. తర్వాత ఓసీఐ దరఖాస్తులో న్యూజిలాండ్ కాగితం బయటపడినప్పుడు రెండు ఫైళ్లూ పొసగవు.

పౌరసత్వం మారినాక ఇన్నేళ్లు దగ్గర పెట్టుకున్నందుకు ఫీజు మీద జరిమానా పడొచ్చు. ఆ పుస్తకంతో ప్రయాణం చేయలేదు కాబట్టి ఆ పద్దు కింద పడేది లేదు. సరెండర్ అయ్యాక పాత పుస్తకాన్ని రద్దు చేసి తిరిగి ఇస్తారు, దాంతో పాటు సరెండర్ సర్టిఫికెట్. ఆ రెండింటినీ పెళ్లి సర్టిఫికెట్ దాచినట్టు దాచమనండి. రేపు అక్క ఓసీఐకీ, చిన్నదాని ఓసీఐకీ అవే పునాది.

కావలి కుర్రోడు:

సరే అన్నా, తప్పు చెప్పినట్టున్నా. వెనక్కి తీసుకుంటున్నా.

సింగరాయకొండ:

పెన్నా గట్టు గారు చెప్పినదానికి పైన నేను కౌంటర్ల సంగతి చెప్తాను. దీనికి ఒక్క సూత్రం గుర్తుంటే చాలు: విమానం వాళ్లు చూసేది దిగబోయే దేశాన్ని, ఇమ్మిగ్రేషన్ వాళ్లు చూసేది వాళ్ల సొంత రికార్డుని. ఎయిర్‌లైన్‌కి "నువ్వు దిగేచోట నిన్ను రానిస్తారా" అనేదే ప్రశ్న, ఎందుకంటే రానివ్వకపోతే నిన్ను తిరిగి మోసుకొచ్చే ఖర్చు వాళ్లది. ఇమ్మిగ్రేషన్ వాళ్లకేమో "ఈ నంబరుతో లోపలికి వచ్చినవాడే బయటికి పోతున్నాడా" అనేది. ఈ రెండు ప్రశ్నలకీ ఒక్కోసారి జవాబు రెండు వేరే పుస్తకాల్లో ఉంటుంది. అందుకే రెండూ చేతి సంచీలోనే ఉండాలి. ఒకటి సూట్‌కేసులో పెట్టి లగేజీకి వేశారో, ఇక అంతే.

మెల్‌బోర్న్‌లో చెకిన్. బావగారూ పెద్దోడూ ఇండియాలో దిగేది న్యూజిలాండ్ పాస్‌పోర్టు, ఓసీఐ మీద. కౌంటర్లో ఉన్నావిడ పాస్‌పోర్టు ఫొటో పేజీ కింద ఉండే రెండు వరసల్ని, అదే చెవ్రాన్ గుర్తులతో 44 అక్షరాల చొప్పున ఉంటాయే, వాటిని మెషిన్‌తో చదివిస్తుంది. ఆ చదివినదే ముందుగా దేశాలకు వెళ్తుంది. ఓసీఐని మాత్రం కంటితోనే చూస్తారు: ఆ నీలం పుస్తకంలో ఫొటో పక్కన అచ్చయిన పాస్‌పోర్టు నంబరు, చేతిలోని పాస్‌పోర్టు నంబరు ఒకటేనా కాదా అని. బావగారు ఆస్ట్రేలియా పాస్‌పోర్టు, ఓసీఐ ఇచ్చారనుకోండి, దేశమే వేరు, నంబరు వేరు. ఆమె సూపర్‌వైజర్‌ని పిలుస్తుంది, వెనక లైన్లోవాళ్లు గొణుగుతారు, ఒక్కోసారి ఎక్కనివ్వరు.

అందుకని కౌంటర్ దగ్గరికి పోగానే రెండూ బల్ల మీద పెట్టి, "మేం ఆస్ట్రేలియా పౌరులం, ఇండియాలో దిగేది న్యూజిలాండ్ పాస్‌పోర్టు, ఓసీఐ మీద" అని ముందే చెప్పాలి. ఇందులో దాచాల్సిందేమీ లేదు, రెండూ చట్టబద్ధమైనవే. ఆస్ట్రేలియా నుంచి బయటికి పోయే రికార్డు ఆస్ట్రేలియా పాస్‌పోర్టు మీద, చెన్నైలో దిగే వివరాలు న్యూజిలాండ్ పాస్‌పోర్టు మీద వెళ్లేలా ఆమే సరిచేస్తుంది. తర్వాత వచ్చే ఆస్ట్రేలియా ఇమ్మిగ్రేషన్ గేటు దగ్గర ఆస్ట్రేలియా పాస్‌పోర్టే. ఆ దేశం తన పౌరులు రావడం, పోవడం తన పాస్‌పోర్టు మీదే జరగాలంటుంది.

టికెట్ ఆస్ట్రేలియా నంబర్ల మీద వేశారని కంగారు పడొద్దు. టికెట్‌కి ముఖ్యం పేరు. పాస్‌పోర్టు నంబరును ఎయిర్‌లైన్ వెబ్‌సైట్లో బుకింగ్ తెరిచి మార్చుకోవచ్చు, లేదా కౌంటర్లో మారుస్తారు. పేరు తేడా ఉంటేనే తలనొప్పి.

సింగపూర్. అంతా ఒకే బుకింగ్ అయి, లగేజీ చెన్నైకే ట్యాగ్ అయితే ఇమ్మిగ్రేషన్ దాటక్కర్లేదు, ఏ పాస్‌పోర్టూ తీయక్కర్లేదు. బోర్డింగ్ గేటు దగ్గర మాత్రం చెన్నై కోసం న్యూజిలాండ్‌ది, ఓసీఐ మళ్లీ అడగొచ్చు. రెండు టికెట్లు విడివిడిగా కొని, లగేజీ తీసుకుని మళ్లీ వేయాల్సి వస్తే కథ మారుతుంది. అప్పుడు సింగపూర్‌లోకి దిగినట్టే లెక్క. సింగపూర్‌లో దిగేవాళ్లు ఇచ్చే ఎస్‌జీ అరైవల్ కార్డును దిగడానికి మూడు రోజుల లోపల ఆన్‌లైన్లో నింపాలి. ఏ పాస్‌పోర్టు నంబరు రాస్తే గేటు దగ్గర అదే చూపించాలి. మీ ట్రావెల్స్ ఆయన్ని ఒకటే బుకింగా, రెండా అని ఇవాళే అడగండి.

చెన్నైలో దిగాక బావగారూ పెద్దోడూ ఓసీఐ వరసలో, ఓసీఐ లేని అక్కా చిన్నదీ ఈ-వీసా (ఆన్‌లైన్లో తీసుకునే వీసా) కౌంటర్లో. నలుగురూ ఒకే లైన్లో నిలబడితే ఎవరో ఒకరు మళ్లీ వెనక్కి పోవాల్సి వస్తుంది. ముద్ర ఓసీఐ పుస్తకంలో వేయరు, పాస్‌పోర్టులో వేస్తారు. కౌంటర్ వదలకముందే పేజీ తిప్పి ముద్ర పడిందా, తేదీ కనిపిస్తుందా చూసుకోవాలి. తిరిగి పోయేటప్పుడు ఆ ముద్ర ఉన్న పుస్తకమే కావాలి.

తిరుగు ప్రయాణంలోనే జనం ఎక్కువ తికమక పడేది. మీవాళ్లు మెల్‌బోర్న్‌కి నేరుగా పోవడం లేదు, ఆక్లాండ్ పోతున్నారు. చెన్నై చెకిన్‌లో న్యూజిలాండ్ పాస్‌పోర్టు చూపిస్తే ఆ దేశానికి ఇంకేమీ అడగరు. చిన్నదానికి ఆస్ట్రేలియా పాస్‌పోర్టు ఒక్కటే కదా, అదీ చాలు. ఆస్ట్రేలియా పౌరులకి న్యూజిలాండ్‌లో ముందస్తు అనుమతి పత్రం అక్కర్లేదు, దిగినప్పుడే నివాస అనుమతి ఇస్తారు. చెన్నై ఇమ్మిగ్రేషన్‌లో బావగారికీ పెద్దోడికీ దిగినప్పుడు ముద్ర పడిన న్యూజిలాండ్ పాస్‌పోర్టు, ఓసీఐ. అక్కకీ చిన్నదానికీ ఈ-వీసా ముద్ర ఉన్న పాస్‌పోర్టు. న్యూజిలాండ్ ట్రావెలర్ డిక్లరేషన్ నలుగురికీ కావాలి, చంటిపిల్లలకీ తప్పదు. అది ఉచితం. డబ్బులడిగే సైటు కనిపిస్తే అది అసలుది కాదు.

ఆక్లాండ్ నుంచి మెల్‌బోర్న్‌కి నలుగురూ ఆస్ట్రేలియా పాస్‌పోర్టే. ఇక్కడ అలవాటు కొద్దీ న్యూజిలాండ్‌ది ఇస్తే, మెషిన్ వాళ్లని మామూలు న్యూజిలాండ్‌వాళ్లనుకుని, వాళ్లకి ఆస్ట్రేలియాలో దిగగానే ఇచ్చే 444 వీసా వేయబోతుంది. పౌరుడికి వీసా ఉండకూడదు. అక్కడ రికార్డు గందరగోళమై ఆఫీసరు పక్కకి పిలుస్తాడు. ఇన్నేళ్లూ అదే పాస్‌పోర్టుతో తిరిగినవాళ్లకి చెయ్యి అటే పోతుంది. ఆస్ట్రేలియా పుస్తకం మీద ఒక చిన్న రంగు స్టిక్కరు అంటించిన కవరు వేసుకోమనండి.

దర్గామిట్ట:

సింగరాయకొండ అన్నా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ట్రావెల్స్‌ని అడిగాను, బుకింగ్ ఒకటే, లగేజీ చెన్నైకే.

మూడు విషయాలు మిగిలాయి. ఒకటి, పెద్దోడి ఓసీఐలో పాత నంబరుంది కదా, అది చెల్లుతుందా? రెండు, అక్కకి న్యూజిలాండ్ పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు, ఆస్ట్రేలియా దాంట్లో బావ ఇంటిపేరు. మూడు, అక్కకీ చిన్నదానికీ ఇప్పుడే ఓసీఐ పెట్టాలా, వీసా తీసుకోవాలా?

చీమకుర్తి రాయి:

పెద్దోడిది ముందు. 2021 ఏప్రిల్లో నిబంధన మార్చారు. అంతకు ముందు 20 ఏళ్ల లోపు పిల్లలకి పాస్‌పోర్టు మారిన ప్రతిసారీ ఓసీఐ కొత్తది తీసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడక్కర్లేదు. 20 ఏళ్లు నిండాక తీసుకునే మొదటి పాస్‌పోర్టుకి ఒక్కసారి మాత్రం ఓసీఐ మళ్లీ అచ్చు వేయించుకోవాలి. ఈలోపు పాస్‌పోర్టు మారినప్పుడల్లా ఓసీఐ సైట్లో మిస్సలేనియస్ సర్వీసెస్ కింద కొత్త పాస్‌పోర్టు కాపీ, కొత్త ఫొటో ఎక్కించాలి. పాస్‌పోర్టు వచ్చిన మూడు నెలల్లోపు చేయమంటారు, ఫీజు లేదు. పెద్దోడికి అది చేశారో లేదో అడగండి. చేయకపోతే ఈ వారమే చేయించండి, గడువు దాటినా చేయకపోవడం కంటే మేలు.

పాత పాస్‌పోర్టు వెంట తేవాలన్న నిబంధనని 2021 మార్చిలోనే ఎత్తేశారు. అయినా నా మాట విని తెమ్మనండి. మెల్‌బోర్న్ కౌంటర్లో కూర్చున్నవాళ్లకి ఢిల్లీ ఎప్పుడు ఏం మార్చిందో తెలిసి ఉండాలని లేదు. ఓసీఐలో ఉన్న నంబరు ఈ పాతదానిదే అని చూపిస్తే అర నిమిషంలో అయిపోతుంది. వాదిస్తే అరగంట.

అక్క పేరు సంగతి. ఒక ప్రయాణంలో ఒక పేరే నడవాలి. టికెట్ ఆస్ట్రేలియా పాస్‌పోర్టు పేరు మీద ఉంది కాబట్టి ఈసారికి అన్నీ దాని మీదే: ఈ-వీసా ఆ పాస్‌పోర్టుకే తీయండి, ఆక్లాండ్‌లో దిగేది కూడా దాంతోనే. న్యూజిలాండ్‌కి ఆస్ట్రేలియా పాస్‌పోర్టుతో పోవడానికి ఆమెకి అడ్డమేమీ లేదు. న్యూజిలాండ్‌ది సంచీలో ఉంటే చాలు. పెళ్లి సర్టిఫికెట్ కాపీ ఒకటి ఉంచుకోమనండి. తర్వాత న్యూజిలాండ్ పాస్‌పోర్టు రెన్యువల్‌కి వచ్చినప్పుడు రెండింట్లోనూ ఒకే పేరు చేయించుకుంటే జీవితాంతం ఈ గోల ఉండదు.

మనవాళ్లకి ఇంకో చిక్కు పేరు పొడవు. పాస్‌పోర్టు కింది మెషిన్ వరసలో పేరుకి 39 గళ్లే ఉంటాయి. వెంకట నాగ సత్యసాయి అని ఇంటిపేరుతో సహా పెడితే చివర తెగిపోవచ్చు. టికెట్లోనూ ఎయిర్‌లైన్ సిస్టం ఖాళీలు తీసేసి కలిపేస్తుంది. అది తప్పు కాదు. అక్షరం మారితేనే తప్పు. వీసా ఫారంలో మాత్రం ఫొటో పేజీలో పైన ఉన్నట్టు పూర్తిగా, ఇంటిపేరు ఇంటిపేరు గడిలో, పేరు పేరు గడిలో రాయాలి.

ఇక వీసానా ఓసీఐనా అన్నది. రెండు నెలల్లో సరెండర్ తేల్చి, దాని మీద అక్క ఓసీఐ, చిన్నదాని ఓసీఐ తెప్పించుకోవడం అత్యాశే. సరెండర్ ఇప్పుడు, ఈ ప్రయాణానికి ఈ-వీసా, ఓసీఐ వెళ్లాక తాపీగా. ఇదీ క్రమం. ఓసీఐ ఫీజు విదేశాల్లో 275 డాలర్లు, అమెరికన్ డాలర్ల లెక్క. దానికి సరిపడా అక్కడి డబ్బు కడతారు, వీఎఫ్ఎస్ చార్జీలు వేరే. హడావుడిలో ఒక కాగితం తప్పి వెనక్కి వస్తే మళ్లీ మొదటికొస్తుంది.

ఈ-వీసాలో 30 రోజుల టూరిస్టు వీసా తీయొద్దు. నాలుగు వారాలంటే 28 రోజులు, విమానం రెండు రోజులు ఆలస్యమైతే గడువు దాటిపోతారు. ఈ-వీసాని పొడిగించరు. ఏడాది వీసా తీసుకోండి. అది 120 రోజుల ముందు నుంచే పెట్టుకోవచ్చు, అంటే ఇప్పుడే పెట్టొచ్చు. పిల్లకాయకి వేరే దరఖాస్తు, తల్లిదండ్రుల దాంట్లో కలపరు. ఫొటో చదరంగా, తెల్లటి వెనకతో ఉండాలి. మూడేళ్ల పిల్లని గోడకి ఆనించి నిలబెట్టి తీస్తే చెవి వెనక నీడ పడుతుంది, ఫొటో తిరగ్గొడతారు. తెల్ల దుప్పటి మీద పడుకోబెట్టి, పైనుంచి తీస్తే నీడ ఉండదు.

ఫారంలో రెండు గళ్లు జాగ్రత్త. "వేరే చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు ఉందా" అన్నచోట అవును అని పెట్టి అక్క న్యూజిలాండ్ నంబరు రాయాలి. లేదు అని పెట్టి తర్వాత కౌంటర్లో రెండో పుస్తకం తీస్తే అబద్ధం చెప్పినట్టవుతుంది. "పౌరసత్వం పుట్టుకతోనా, తర్వాతా" అన్నచోట తర్వాత వచ్చిందని పెట్టి, పూర్వపు జాతీయత ఇండియా అని రాయాలి. అసలు సైటు ఇండియన్‌వీసాఆన్‌లైన్ డాట్ గవ్ డాట్ ఇన్. వెతికితే పైన వచ్చేవాటిలో సగం దళారుల సైట్లే. చివర గవ్ డాట్ ఇన్ లేకపోతే కార్డు నంబరు కొట్టొద్దు. అనుమతి మెయిల్లో వస్తుంది. ఫోన్లో ఉంచుకోవడమే కాదు, కాగితం మీద రెండేసి కాపీలు తీయండి. దిగేసరికి ఫోన్ చార్జింగ్ ఉంటుందో లేదో.

పెన్నా గట్టు:

రాయి గారు అన్నీ చెప్పేశారు. బావగారి ఓసీఐ గురించి ఒక మాట. ఇక మీదట ఆయన తిరిగేది ఆస్ట్రేలియా పాస్‌పోర్టుతోనే అయితే, ఓసీఐని దాని మీదికి మార్పించుకోవడం మంచిది. జాతీయత మారింది కాబట్టి ఆయనకి అది ఊరికే ఫొటో ఎక్కించే పని కాదు, కొత్త పుస్తకం రావాలి, దానికి 25 డాలర్ల ఫీజు. పెద్దోడికీ అంతే. ఈ ప్రయాణం ముందు మాత్రం ముట్టుకోవద్దు. ఉన్నది చెల్లుతుంది, మధ్యలో దరఖాస్తు పెట్టి పాత పుస్తకం కాన్సులేట్‌లో ఇరుక్కుంటే ఈ-వీసా వెతుక్కోవాలి.

ఇంకోటి. చెన్నైలో 2025 జనవరి నుంచి ముందే నమోదైనవాళ్లు ఇమ్మిగ్రేషన్ త్వరగా దాటే ట్రస్టెడ్ ట్రావెలర్ గేట్లు పెట్టారు, ఓసీఐవాళ్లూ వాడుకోవచ్చు. అది పాస్‌పోర్టు నంబరుకి ముడిపడి ఉంటుంది. బావగారు ఓసీఐ మార్చుకోబోతుంటే ఆ తర్వాతే నమోదు చేసుకోమనండి, లేకపోతే రెండుసార్లు పని.

పాస్‌పోర్టు పోతే ఏం చేయాలో కూడా చెప్పి పెడతాను, ఎవరూ అడగరు కానీ. సంక్రాంతికి మూలాపేట బజారు రద్దీలో, రైల్లో, గుళ్లో సంచీ పోవడం వింతేమీ కాదు. బావగారి న్యూజిలాండ్ పాస్‌పోర్టు పోయిందనుకోండి. ఆస్ట్రేలియాది ఉంది కదా, దాంతో ఎక్కేద్దాం అంటే కుదరదు. దాంట్లో దిగిన ముద్ర లేదు. చెన్నై ఇమ్మిగ్రేషన్ లెక్కలో ఆ నంబరుతో ఎవరూ ఇండియాలోకి రాలేదు. అందుకని పోయినచోటి పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి, విదేశీయుల నమోదు ఆఫీసు వాళ్ల ఈ-ఎఫ్ఆర్ఆర్ఓ సైట్లో బయటికి పోయే అనుమతికి దరఖాస్తు పెట్టాలి. దానికి పోయిన పాస్‌పోర్టు ఫొటో పేజీ, చెన్నై ముద్ర ఉన్న పేజీ, ఓసీఐ మొదటి పేజీ కాపీలు కావాలి. దిగిన రోజే కారులో సూళ్లూరుపేట చేరేలోపు ఆ మూడు పేజీల్ని ఫోన్లో ఫొటో తీసి అక్క ఫోన్‌కి పంపితే చాలు. ఆస్ట్రేలియా కాన్సులేట్ చెన్నైలోనే ఉంది, న్యూజిలాండ్ హైకమిషన్‌కైతే ఢిల్లీ పోవాలి.

దర్గామిట్ట:

పెన్నా గట్టు అన్నా, మీకో పక్కదారి ప్రశ్న. అక్క వస్తుందని నాయన కోవూరు దగ్గరున్న రెండెకరాల మాగాణిని తన పేర రాసేస్తానంటున్నాడు. ఈ ట్రిప్పులోనే రిజిస్ట్రేషన్ అంటున్నాడు. చేయొచ్చా?

పెన్నా గట్టు:

ఆపండి. మాగాణిని గిఫ్ట్‌గా రాయొద్దు. ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) నిబంధనల కింద ఓసీఐ ఉన్నవాళ్లు కూడా వ్యవసాయ భూమి కొనకూడదు, కానుకగా పుచ్చుకోకూడదు. వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు, అమ్మాలంటే ఇక్కడ ఉంటున్న భారతీయులకే అమ్మాలి. ఇంటి స్థలం, ఇల్లు అయితే ఓసీఐ వచ్చాక తండ్రి కూతురికి కానుకగా రాయొచ్చు. అక్కకి ఇంకా ఓసీఐ కూడా లేదు. నాయన మనసులో మాట వీలునామాలో పెట్టుకోవచ్చునేమో స్థానిక వకీలుని అడగండి, టూరిస్టు వీసా మీద వచ్చిన నాలుగు వారాల్లో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరగడం వద్దు.

ఆ మాట మీద ఇంకొకటి. నెల్లూరు ఓటరు జాబితాలో అక్కదీ బావదీ పేర్లున్నాయేమో చూడండి. పౌరులు కానివాళ్ల పేరు ఉండకూడదు. 7వ నంబరు ఫారం ఇచ్చి తీయించండి. పోలింగ్ బూత్ స్లిప్పులు పంచేటప్పుడు "మీ అక్కది కూడా ఉంది, వేసేయండి" అనేవాళ్లుంటారు.

సింగరాయకొండ:

చివరగా ఒకటి మరిచాను. చిన్నదాని ఆస్ట్రేలియా పాస్‌పోర్టు ఎప్పటిదో చూడండి. పిల్లలది అయిదేళ్లే ఉంటుంది. 2022లో పుట్టగానే తీసుంటే 2027లోనే అయిపోతుంది. ఈ-వీసాకి ఆరు నెలల గడువు, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. తక్కువుంటే వీసాకి ముందే పాస్‌పోర్టు మార్చుకోవాలి, తర్వాత మారిస్తే వీసా పాత నంబరు మీద మిగిలిపోతుంది.

దర్గామిట్ట:

ఇప్పుడే అక్కని అడిగాను. 2023 ఆగస్టులో తీసిందంట, 2028 ఆగస్టు దాకా ఉంది. పెద్దోడి ఓసీఐలో కొత్త పాస్‌పోర్టు ఎక్కించనే లేదంట, ఈ రాత్రి చేస్తానంది. సరెండర్‌కి న్యూజిలాండ్ సర్టిఫికెట్ వెతుకుతోంది. అత్తగారికి చెల్లని నోటు మాట చెప్పాను, "అయితే మరి నా దగ్గరున్న పాత అయిదొందలు కూడా అంతేనా" అంటుంది.